పేరు కాదు, కొలత చెప్పండి



పండగకు ఇల్లు దులిపేటప్పుడు అటక మీది సామాను కిందికి దిగుతుంది. ఇత్తడి గంగాళం దిగుతుంది. ట్రంకు పెట్టె దిగుతుంది. కువైట్ నుంచి ఎవరో తెచ్చిన టేప్ రికార్డరు దిగుతుంది. మన రాయచోటి, రాజంపేట వైపు కొన్ని ఇళ్ళలో ఇంకొకటి కూడా దిగుతుంది. రంగు వెలిసిన అట్టపెట్టె. దాని మీద ఇసుక ఎగజిమ్ముతూ దూకుతున్న ఒక చిన్న కారు బొమ్మ. మూత తీస్తే లోపల ఆ కారే ఉంటుంది. "ఇది పనిచేస్తాదా?" అని పిల్లలు అడుగుతారు. "అది ఎప్పుడో చెడిపోయిందిలే, పాతసామాన్లోడికి వేసేయ్" అంటారు పెద్దవాళ్ళు.

వేసేయకండి. ఈ పూట నేను చెప్పబోయేది అదే. ఆ కారును మళ్ళీ నడిపించవచ్చు. దానికి కావాల్సిన భాగాల్లో చాలావరకు మన కడపలో, కర్నూలులో, ప్రొద్దుటూరులోనే సంపాదించవచ్చు. ఎలాగన్నది ఇప్పుడు మాట్లాడుకుందాం.

ముందు ఆ కారు ఏమిటో చెప్పాలి. దాన్ని బగ్గీ అంటారు. అమెరికాలో, మెక్సికోలో ఎడారి ఇసుక మీద పందేలు పెట్టుకునేవాళ్ళు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్ల పైభాగం పీకేసి, లావు టైర్లు వేసి, ఇసుక దిబ్బల మీద పరిగెత్తించేవాళ్ళు. 1967 నుంచి మెక్సికోలోని బాహా ప్రాంతంలో ఈ పందేలు ఏటా పెద్ద ఎత్తున జరుగుతున్నాయి. ఆ పెద్ద బండ్లను చూసి జపాన్ వాళ్ళు చిన్న బండ్లు చేశారు. చేతిలో పెట్టె పట్టుకుని దూరం నుంచి నడిపే బండ్లు.

జపాన్‌లో షిజువోకా అనే ఊరుంది. అక్కడి తమియా సంస్థ 1946లో కలప కోసే మిల్లుగా మొదలైంది. తర్వాత చెక్క బొమ్మలు, ఆ తర్వాత ప్లాస్టిక్ బొమ్మలు చేసింది. 1976లో మొదటి రేడియో కారు తెచ్చింది. 1979లో ఇసుకలో పరిగెత్తే బగ్గీలు తెచ్చింది. 1984లో వచ్చిన గ్రాస్‌హాపర్ బాగా పేరు తెచ్చుకుంది. ధర తక్కువ, చట్రం గట్టిది, విప్పి బిగించడం తేలిక. ఎంతోమంది పిల్లలకు అదే మొదటి బండి.

జపాన్ బండి రాయచోటికి ఎట్లా వచ్చింది? కువైట్ మీదుగా వచ్చింది. మనవాళ్ళు అక్కడ డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, ఇళ్ళలో పనివాళ్ళుగా చేరారు. సెలవుకు వచ్చేటప్పుడు పెద్ద పెద్ద అట్టపెట్టెలు తాళ్ళతో కట్టి తెచ్చేవాళ్ళు. అందులో అమ్మకు దుప్పటి, నాయనకు టార్చిలైటు, అల్లుడికి వాచీ ఉండేవి. ఆ పెట్టెల్లోనే ఒకటీ అరా ఇట్లాంటి కార్లు వచ్చాయి.

నా దగ్గరికి వచ్చిన బండి కూడా అట్లా వచ్చిందే. నా మిత్రుడికి చిన్నప్పుడు కువైట్‌లో ఉన్న మేనమామ తెచ్చిచ్చాడు. గ్రాస్‌హాపరే. మూర కన్నా కొంచెం తక్కువ పొడవు. తర్వాత మిత్రుడు ఉద్యోగం మీద కర్నూలు చేరాడు. పాతబస్తీలో కాపురం పెట్టాడు. 2009లో గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలులోకి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నీళ్ళలో ఈ బండీ మునిగింది. నీళ్ళు పోయాక ఆరబెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు కొడుకు పెద్దవాడై, "నాయనా, దీన్ని బాగు చేయిద్దాం" అన్నాడు. ఇద్దరూ పెట్టె పట్టుకుని కడపకు, నా దగ్గరికి వచ్చారు.

ఇక పనిలోకి దిగుదాం.

అటక మీది బండి దొరికిన వెంటనే ఎవరైనా ఏం చేస్తారు? కొత్త సెల్లులు వేసి స్విచ్చి నొక్కి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మొదట పాత బ్యాటరీ బయటికి తీయండి. మళ్ళీ చెబుతున్నా. స్విచ్చి ముట్టుకోకముందే పాత బ్యాటరీ తీయండి. ఆ కాలపు బండ్లలో నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉండేది. ఆరు సెల్లుల కట్ట. ముప్పై ఏళ్ళకు అది కారిపోయి ఉంటుంది. చివర్ల దగ్గర తెల్లటి పొక్కు కనిపిస్తుంది. కాడ్మియం విషం. చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని తీయండి. పిల్లలతో తీయించకండి. చెత్తకుప్పలో వేయకండి, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవాళ్ళకు ఇవ్వండి.

అది కారిన చోట రాగి తీగెలు పచ్చబారతాయి. ఆ పొక్కు క్షారం. కాబట్టి వెనిగర్‌లో ముంచిన దూదితో తుడవాలి. చేతిలో పట్టుకునే పెట్టె సంగతి వేరు. దాంట్లో మనం వేసినవి మామూలు పెన్సిల్ సెల్లులు. ఆ కాలపు సెల్లు కారితే వచ్చేది ఆమ్లం. దానికి వంటసోడా నీళ్ళు కావాలి. బండిలో వెనిగర్, చేతి పెట్టెలో సోడా. రెండూ అయ్యాక శుభ్రమైన తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వాలి. మన ఎండకు ఆరడమెంత సేపు? నీడలోనే ఆరబెట్టండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకరపోతుంది.

తర్వాత విప్పడం. ఇక్కడే చాలా బండ్లు పాడవుతాయి. జపాన్ బండిలో ఉన్నవి చూడటానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి. కానీ ఆ గాడి కోత వేరు. మన దగ్గర దొరికే స్టార్ స్క్రూడ్రైవరు దాంట్లో పూర్తిగా కూర్చోదు. తిప్పితే జారి పైకి లేస్తుంది, గాడి అరిగి గుండ్రమైపోతుంది. ఇక ఆ స్క్రూ రాదు. ఆర్‌ఎక్స్ హండ్రెడ్ బైకు ఇంజను విప్పిన పాత మెకానిక్కును అడగండి, ఈ బాధ ఆయనకు బాగా తెలుసు. జపాన్ కొలత స్క్రూడ్రైవరు విడిగా అమ్ముతారు. అది లేకపోతే మన స్క్రూడ్రైవరు మొనను ఆకురాయితో కొద్దిగా, చాలా కొద్దిగా అరగదీయాలి. మొన పొట్టిదైతే గాడిలోకి లోతుగా దిగుతుంది. గట్టిగా అదిమి, నెమ్మదిగా తిప్పితే వస్తుంది.

వచ్చిన ప్రతి స్క్రూనూ ఎక్కణ్ణించి వచ్చిందో గుర్తుతో దాచాలి. నేను పాత అట్టముక్క మీద బండి బొమ్మ గీసుకుంటాను. ఏ చోటి స్క్రూను ఆ చోట గుచ్చుతాను. పొడవు స్క్రూ పొట్టి దాని చోట పడితే అవతలి వైపు ప్లాస్టిక్‌ను పొడుచుకుని బయటికొస్తుంది.

వెనక గేరు పెట్టె తెరిచాం. ఆ బండిలో మోటారు, గేరు పెట్టె, వెనక ఇరుసు అన్నీ ఒకే ముద్దగా ఉంటాయి. గుంతలో పడితే ఆ ముద్దంతా కలిసి పైకీ కిందికీ ఊగుతుంది. లోపల ఏముందో చెప్పమంటారా? తుంగభద్ర ఒండ్రు. మెత్తటి బూడిదరంగు మట్టి. పాత గ్రీజు మైనంలాగా గడ్డకట్టి, ఆ మట్టిని పట్టుకుని ఉంది. పళ్ళ సందుల్లో ఇటుక ముక్కలాగా గట్టిపడింది. ఊరికే దుమ్మయితే ఊదితే పోతుంది. గ్రీజుతో కలిసిన ఒండ్రు సానరాయి పని చేస్తుంది. అట్లాగే తిప్పితే పళ్ళు అరిగిపోతాయి. బేతంచర్ల, యర్రగుంట్ల వైపు నాపరాయి పాలిషు పట్టే షెడ్ల దగ్గర ఉండేవాళ్ళకు ఇట్లాంటి పిండి ఎంత సన్నని సందులోకైనా దూరుతుందని చెప్పక్కర్లేదు.

ఇనుప భాగాలను కిరసనాయిలులో నానబెట్టాం. ప్లాస్టిక్ భాగాలను సబ్బునీళ్ళలో వేసి పాత పళ్ళబ్రష్షుతో రుద్దాం. పెట్రోలు మాత్రం వాడొద్దు. కొన్ని రకాల ప్లాస్టిక్ పెట్రోలు తగిలితే చీలికలు పోతుంది.

ప్లాస్టిక్ అన్నాం కాబట్టి ఒక ముచ్చట. ఇట్లాంటి బండ్లలో రెండు రకాల ప్లాస్టిక్ కలిసి ఉంటుంది. ఒకటి నైలాన్. ఒకటి గట్టిగా, నున్నగా ఉండే ఏబీఎస్. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమే దానికి సాగే గుణం ఇస్తుంది. తేమ పోతే పెళుసవుతుంది, చిన్న దెబ్బకు పుటుక్కుమంటుంది. మన రాయలసీమలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి పొడి. అటక మీద వేడి. మద్రాసులో నలభై ఏళ్ళు ఉన్న నైలాన్ ముక్కకూ, కడప అటక మీద నలభై ఏళ్ళు ఉన్న నైలాన్ ముక్కకూ తేడా ఉంటుంది. దీనికి వైద్యం తేలిక. నైలాన్ భాగాలను విప్పి, కాసేపు నీళ్ళలో ఉడకబెట్టాలి. ఆ తర్వాత ఆ నీళ్ళలోనే చల్లారనివ్వాలి. మళ్ళీ తేమ పట్టి జిగి వస్తుంది. కానీ ఏబీఎస్ ముక్కను ఉడకబెట్టారో, అది అప్పడంలాగా ముడుచుకుపోతుంది. నైలాన్ గోటికి కొంచెం మైనంలాగా జారుతుంది, మెరుపు తక్కువ. ఏబీఎస్ మెరుస్తుంది, తడితే టక్కుమంటుంది. అనుమానం ఉంటే ఉడకబెట్టకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. విడిభాగాలు.

ముందు చక్రాలు చేత్తో తిప్పితే గరగర శబ్దం. చక్రం మధ్యలో ఉండే చిన్న బుష్షు అరిగిపోయింది. మేం ముగ్గురం కడపలోని ఏడు రోడ్ల కూడలికి వెళ్ళి, అక్కణ్ణించి ఒక బేరింగుల దుకాణానికి వెళ్ళాం. మిత్రుడి కొడుకు ఉత్సాహంగా, "అన్నా, తమియా గ్రాస్‌హాపర్‌కు బుష్షులు ఉన్నాయా?" అని అడిగాడు. దుకాణదారు వాణ్ణి ఒకసారి ఎగాదిగా చూశాడు.

"అదేం బండి అప్పా? నేను యాడా వినలేదే."

"బొమ్మ కారన్నా. జపాన్ది."

"బొమ్మలు బజారులో అడగాల గదా నాయనా. ఇది బేరింగుల అంగడి."

అప్పుడు నేను జేబులోంచి వెర్నియరు తీశాను. బుష్షును కొలిచి చెప్పాను. లోపలి రంధ్రం 5 మిల్లీమీటర్లు. బయటి అంచు 11. మందం 4. ఆయన ముఖం మారిపోయింది.

"అట్ల చెప్పు సామీ! ఎంఆర్ 115. ఇప్పుడు లేదు గానీ తెప్పిస్తా. పేరు చెప్తే నాకేం తెలుస్తాది? కొలత చెప్పు, ఏడున్నా తెప్పిచ్చిస్తా."

ఈ మాట గుర్తు పెట్టుకోండి. పేరు కాదు, కొలత చెప్పండి. జపాన్ బండి పేరు మన అంగళ్ళలో ఎవరికీ తెలియదు. కొలత అందరికీ తెలుసు. ఎక్కడో షిజువోకాలో బొమ్మ కారులో వేసిన బుష్షు కొలత 5, 11, 4 అయితే, బేరింగులకు ప్రపంచమంతా అదే కొలత ఉంది. ఇంకో యంత్రం కోసం చేసినది మన బండిలో చక్కగా కూర్చుంటుంది. పైగా కంపెనీ వేసిన బుష్షు కన్నా బాల్ బేరింగు మేలు. తీసుకునేటప్పుడు రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నవి అడగండి. ఇనుప రేకు మూతవి తేలిగ్గా తిరుగుతాయి గానీ, మన దుమ్ము వాటిని బతకనివ్వదు.

స్క్రూలూ అంతే. 3 మిల్లీమీటర్ల స్క్రూ అని అడిగితే కుట్టుమిషను స్పేర్ల అంగట్లోనో, టీవీ రిపేరు అంగట్లోనో దొరుకుతుంది. చేతి పెట్టెకు ఉండే సాగే ఏరియల్ విరిగిపోయిందా? పాత ట్రాన్సిస్టరు ఏరియల్ వేయవచ్చు. అయితే పూర్తిగా లాగినప్పుడు పొడవు ఇంచుమించు పాతదంతే ఉండాలి. ఆ పెట్టె లోపలి సర్క్యూటును ఆ పొడవుకు సరిపడా శ్రుతి చేసి ఉంటారు. చూశారా, ఇక్కడా కొలతే.

బజారులో ఏ కొలతకూ దొరకనిది ఒకటుంది. వేగం మార్చే మీట. ఈ కాలపు బండ్లలో ఆ పని ఎలక్ట్రానిక్ చిప్పు చేస్తుంది. అప్పటి బండిలో ఒక చిన్న రాగి చెయ్యి పలక మీద జరుగుతూ, మెల్లగా, ఇంకొంచెం వేగంగా, పూర్తి వేగంగా అని మెట్లు మెట్లుగా మోటారుకు కరెంటు ఇస్తుంది. ప్రతిసారీ చిన్న మెరుపు వస్తుంది. ఆ మెరుపులకు చివర కాలి గుంటలు పడుతుంది. మా బండిలో అది సగం కరిగిపోయి ఉంది.

దాన్ని ప్రొద్దుటూరు తీసుకుపోయాం. ప్రొద్దుటూరు బంగారం గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అక్కడ తెలిసిన కంసాలి ఒకాయన ఉన్నాడు. ఆయన ముందు గుడ్డ మీద ఈ ముక్కను పెట్టాం. కంటికి అద్దం తగిలించుకుని, తిప్పి తిప్పి చూశాడు. "ఇది ఏ నగలోదయ్యా?" అన్నాడు. కారుదని చెబితే నవ్వాడు. కానీ పని మొదలుపెట్టాక నవ్వలేదు. రాగి రేకును సుత్తితో సన్నగా సాగగొట్టాడు. పాత దాని మీద పెట్టి గీత గీసి కత్తిరించాడు. వెండి తీగెను కమ్మచ్చులోంచి లాగి సన్నం చేశాడు. చిటికెడంత ముక్క కోశాడు. వెలిగారం అద్ది, ఊదుగొట్టంతో మంట ఊది, రాగి చివర ఆ వెండి చుక్కను అతికించాడు. ఆకురాయితో రెండు సార్లు రుద్ది నా చేతిలో పెట్టాడు. లోహాలన్నిటిలో కరెంటును బాగా పారించేది వెండే. కంపెనీ పెట్టిన ముక్క కన్నా ఆయన చేసిందే మేలైనదని నా నమ్మకం. డబ్బులెంత అంటే, "వెండి తూకమెంతో అంతే ఇయ్యి. కూలి వద్దు. నడిచినాక చూపీ" అన్నాడు.

ఇక రేడియో సంగతి. రేడియోలో మాట్లాడుతూ రేడియో గురించి చెప్పకపోతే బాగుండదు.

దూరం నుంచి గాలిలోనే బండిని నడపవచ్చని 1898లోనే నికోలా టెస్లా న్యూయార్క్‌లో చూపించాడు. ఒక చిన్న పడవను నీళ్ళ తొట్టిలో వదిలి, వైరు లేకుండా నడిపాడు. మన బొమ్మ కారు చేసేదీ అదే. మీరు మీడియం వేవ్‌లో వింటున్నట్టయితే, కడప కేంద్రం మీకు 900 కిలోహెర్ట్జ్ మీద దొరుకుతుంది. ఆ పాత బొమ్మ కార్లు దాదాపు 27 మెగాహెర్ట్జ్ మీద వింటాయి. మీ సెట్టు మాట వింటుంది, పాట వింటుంది. కారు వినేది ఒకటే, తట్టు. చేతిలోని పెట్టె సెకనుకు దాదాపు 50 సార్లు తడుతుంది. సెకనులో వెయ్యోవంతుకు ఒకటిన్నర రెట్ల సేపు తడితే చక్రాలు తిన్నగా. అంతకన్నా తక్కువ సేపయితే ఒక పక్కకు. ఎక్కువ సేపయితే ఇంకో పక్కకు. అంత చిన్న తేడాను పసిగట్టి చక్రం తిప్పే చిన్న డబ్బాను సర్వో అంటారు.

ఆ పెట్టెలో ఒక క్రిస్టల్, బండిలో ఒక క్రిస్టల్ ఉంటాయి. చిన్న వెండిరంగు డబ్బీలు. రెండూ ఒకటే అనుకుని తారుమారు చేయకండి. బండిలో ఉన్నది పెట్టెలో ఉన్నదాని కన్నా సరిగ్గా 455 కిలోహెర్ట్జ్ తక్కువ. ఆ 455 అంకె రేడియో రిపేరు చేసినవాళ్ళకు బాగా తెలుసు. మీ ఇంట్లో ఉన్న మామూలు ట్రాన్సిస్టరు సెట్టు లోపల కూడా స్టేషన్లన్నీ చివరికి మారేది ఆ అంకెకే. అందుకే పాత రేడియో మెకానిక్కు ఎవరైనా ఈ బొమ్మ కారు రిసీవరు చూడగానే, "ఓ, మన సెట్టే గదా!" అంటారు. వాళ్ళను వెతుక్కుంటూ పోండి. పని తగ్గిపోయింది గానీ, వేళ్ళ నైపుణ్యం పోలేదు.

రిసీవరు నుంచి ఒక సన్నని వైరు వేలాడుతూ ఉంటుంది. అడ్డంగా ఉందని దాన్ని కత్తిరించకండి. అదే బండికి చెవి. కత్తిరిస్తే పది అడుగులు పోగానే బండి మీ మాట వినడం మానేస్తుంది.

ఇంకొక పరీక్ష మీ ఇంట్లోనే చేయవచ్చు. పక్కింట్లో మిక్సీ వేస్తే మీ రేడియోలో బరబరమని వస్తుంది కదా. మోటారు లోపల కార్బన్ బ్రష్షుల దగ్గర వచ్చే మెరుపుల వల్ల అది. బొమ్మ కారు మోటారూ అంతే. ఆ మెరుపుల రొదలో పాపం రిసీవరుకు తట్టు వినపడదు. బండి ఉలిక్కిపడినట్టు అటూ ఇటూ తిరుగుతుంది. దాన్ని అణచడానికి మోటారు కాళ్ళ దగ్గర చిన్న కెపాసిటర్లు టంకం వేసి ఉంటాయి. పప్పుబద్దంత ఉంటాయి. పాతబడి ఊడిపోతాయి. అప్పుడు ఏం చేయాలంటే, మీరు నన్ను వింటున్న ఈ రేడియోనే తెచ్చి, స్టేషను లేని చోట పెట్టి, మోటారు పక్కన ఉంచండి. మోటారు తిప్పండి. రొద ఎంత ఉందో వినండి. కొత్త కెపాసిటర్లు వేసి మళ్ళీ వినండి. రొద తగ్గితే పని సరిగ్గా చేసినట్టు. కెపాసిటరు మీద 104 అని అంకె ఉండాలి. టీవీ రిపేరు అంగట్లో చిల్లర డబ్బులకు వస్తుంది.

ఇన్ని చేశాక కూడా ఇక్కడ దొరకనివి రెండు మూడు ఉంటాయి. టైర్లు, గేరు పళ్ళు, స్టిక్కర్లు. రబ్బరు మన వేడికి బీటలు వారుతుంది. టైరుకు బదులు సైకిలు ట్యూబు చుట్టినవాళ్ళను చూశాను. నడుస్తుంది గానీ, నాకు నచ్చదు. ఇసుకను తవ్వే గుబ్బలు లేకపోతే అది బగ్గీ ఎట్లా అవుతుంది? ఇక్కడ మనకు అదృష్టం కలిసొచ్చింది. తమియా వాళ్ళు గ్రాస్‌హాపర్‌ను 2005లో మళ్ళీ విడుదల చేశారు. పాత కొలతల్లోనే చేశారు. కాబట్టి 1980ల నాటి బండికి ఇప్పటి టైరు ఎక్కుతుంది. ఇక్కడ మాత్రం పేరు కావాలి. కొత్త బండిలో ముక్కలు అతుక్కుని వచ్చే ప్రతి ప్లాస్టిక్ చట్రానికీ ఒక అక్షరం, దాంట్లోని ముక్కకు ఒక అంకె ఉంటాయి. బండితో వచ్చే సూచనల పుస్తకం చూసి ఆ అక్షరం, అంకె చెప్పాలి. బజారులో కొలత, కంపెనీ దగ్గర అంకె.

విదేశం నుంచి తెప్పించుకుంటే సుంకం ఉంటుంది. బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు, తర్వాత ఇంకా పెంచారు. మన బొమ్మల పరిశ్రమకు అది మంచిదే, నేను తప్పు పట్టను. పాత బండి బాగు చేసుకునేవాడికి మాత్రం చెయ్యి కాలుతుంది. మా మిత్రుడు ఏం చేశాడంటే, కువైట్‌లో ఇప్పటికీ ఉన్న చుట్టాలకు ఫోను చేశాడు. సెలవుకు వచ్చేవాళ్ళ సూట్‌కేసులో, ఖర్జూరాల పక్కన, నాలుగు టైర్లు వచ్చాయి. బండి వచ్చిన దారినే టైర్లూ వచ్చాయి.

కొత్త బ్యాటరీ పెట్టి, బండిని బిగించి పెన్న ఏటికి తీసుకుపోయాం. వేసవిలో కడప దగ్గర పెన్న ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. నీటిపాయ ఒక పక్కన, మిగతాదంతా ఇసుక. ఆ బగ్గీని తయారుచేసినవాళ్ళు ఎడారి కోసం చేశారు. మాకు ఎడారి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. తెల్లవారుజామున పోవాలి. పొద్దెక్కితే బ్యాటరీ, మోటారు రెండూ కాలిపోతాయి. తడి ఇసుక మీద పరిగెత్తింది. పొడి ఇసుకలో వెనక చక్రాలు తవ్వుకుంటూ పోయింది. గుంత వస్తే నాలుగు చక్రాలూ గాల్లోకి లేచాయి. ఆ బండి ముందరి స్ప్రింగులు అంత మెత్తనివి కావు. దూకుతుంది, బోర్లాపడుతుంది. అది దాని లక్షణం. దాన్ని మార్చాలని చూడకండి. కర్నూలు వైపు నల్లరేగడిలో మాత్రం వాన పడ్డాక వదలకండి. ఆ జిగట మట్టి చక్రాలకు ముద్దలు ముద్దలుగా పట్టుకుంటే గేరు పళ్ళు విరుగుతాయి.

కాసేపు నడిపాక మిత్రుడి కొడుకు నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దనాయనా, స్పీడు చాలడం లేదు. 540 మోటారు వేద్దామా?"

కంపెనీ దీంట్లో వేసింది 380 సైజు చిన్న మోటారు. 540 దాని కన్నా పెద్దది. గేరు పెట్టెలో అదీ పడుతుంది, అబద్ధమెందుకు. దీని అన్నలాంటి బండి హార్నెట్‌లో అదే ఉంటుంది. కానీ పెద్ద మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ వెండి చుక్క అంత కరెంటుకు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

"వేసుకో నాయనా. పాత మోటారు పారేయకుండా పెట్టెలో దాచిపెట్టు. ఆ మీట చివర కాలినప్పుడల్లా ప్రొద్దుటూరు పోయి చేయించుకు రావాల్సింది మాత్రం నువ్వే" అన్నాను.

"ఆయన కూలి తీసుకోడు గదా, ఎట్ల పోయేది మళ్ళీ మళ్ళీ?" అన్నాడు వాడు.

"బండి ఎత్తుకోని పో. నడిచినాక చూపియ్యమన్నాడు గదా" అన్నాడు వాళ్ళ నాయన.

వచ్చే ఆదివారం ముగ్గురం ప్రొద్దుటూరు పోతున్నాం.